యారాలు విప్పిన పార్సిల్

ప్రశ్న:

అక్కా, నాకు ముప్పై ఎనిమిదేండ్లు. మాది జగిత్యాల దిక్కు ఒక ఊరు. మా ఆయన దుబాయ్‌ల పనిచేస్తడు. రెండేండ్లకొకసారి వస్తడు, రెండు నెల్లుండి పోతడు. పిల్లలిద్దరు హాస్టల్ల ఉండి చదువుకుంటున్నరు. నాలుగేండ్ల కింద నాకు గర్భసంచి తీసేసిండ్రు. ఆపరేషనైనంక ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నాకు మస్తు నొప్పైంది. ఆయనకు చెప్పలే, పండ్లు బిగపట్టుకొని ఊకున్న. కని ఒక్కదాన్నే ఉన్నప్పుడు మనసు ఒకతీరుగ అయితది, నిద్ర పట్టది. ఫోన్ల చదివి, మసాజర్ అని అమ్ముతుంటే ఒకటి ఆన్‌లైన్ల తెప్పించుకున్న. అది వచ్చిన రోజు నేను బ్యాంకుకు పోయిన. డెలివరీ పిల్లగాడు పక్కింట్ల ఉండే మా యారాలుకిచ్చి పోయిండు. ఆమె విప్పి చూసింది. నేనొచ్చేసరికి డబ్బ గడప మీద పెట్టుకొని నిలబడ్డది. "ఇన్నేండ్లు నిన్ను మంచిదనుకున్న" అన్నది. మా బావకు చెప్పింది. అత్తమ్మకు చెప్తనంటున్నది, దుబాయ్‌కి ఫోన్ చేస్తనంటున్నది. ఇదొక్కటే కాదు, మా వాడకట్టుల వరుసకు మరిదయ్యేటోడు ఒకడు రాత్రి పదకొండింటికి "వదినా, నేను లేనా" అని వాట్సాప్ల పెడుతున్నడు. వానికెట్ల తెలిసిందో తెల్వది. అక్కా, నేను తప్పు చేసిన్నా? గర్భసంచి తీసేసినంక గూడ ఇట్ల అనిపించుడు ఏమన్న రోగమా? ఇది పోలీసు కేసైతదా? ఆయనకు ఎట్ల చెప్పాలె? ఆ వస్తువును పొయ్యిల పెడుదామనుకుంటున్న. నా పేరు రాయకుండ్రి.

జవాబు:

చెల్లె, అన్నిటికంటే ముందు ఒక మాట. దాన్ని పొయ్యిలో పెట్టకు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, వేడికి పేలుతుంది. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

నువ్వు తప్పు చేశావా అని అడిగావు. నీ పేరు మీద, నీ డబ్బుతో వచ్చిన డబ్బాకు టేపు కోసిన మనిషి తప్పు చేసిందా అని మాత్రం ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. నాకు ముందు తట్టింది అదే. మన ఇళ్లలో ఆడదాని పేరుతో వచ్చిన కవరు, ఆమె ఫోను, ఆమె బీరువా అందరివీనూ. మీ బావ పేరుతో డబ్బా వచ్చి ఉంటే మీ యారాలు దాన్ని అట్లాగే బల్ల మీద పెట్టి, ఆయన వచ్చాక చేతికిచ్చేది. నీది కాబట్టి విప్పింది. అందులో చీర ఉన్నా విప్పేదే, ఎంతకు కొన్నావని అడిగేదే. కాకపోతే చీరకు ఇంత గొడవ జరిగేది కాదు.

ఇక నీ సంగతి. పెళ్లై, పిల్లలు ఎదిగిన మనిషివి. నీ గదిలో, నీ ఒంటితో, ఎవరికీ హాని చేయకుండా, ఎవరినీ మోసం చేయకుండా చేసుకున్న పని ఇది. దీన్ని తప్పు అనడానికి నాకు కారణం కనబడలేదు. నిన్ను ఓదార్చడానికి అంటున్నది కాదు, నిజంగా వెతికాను. భర్తకు ద్రోహం చేశావా అంటే, ఇంకో మనిషి ఎవరూ లేరు. ఒంటికి చెడుపా అంటే, శుభ్రంగా వాడుకుంటే కాదు. నరాలు చచ్చిపోతాయనీ, అలవాటు పడితే మొగుడు పనికిరాకుండా పోతాడనీ ఫోన్లలో రాస్తుంటారు. ఎక్కువసేపు వాడితే కాసేపు తిమ్మిరిగా ఉంటుంది, తర్వాత పోతుంది. అంతకుమించి ఏమీ కాదు.

రోగమా అన్న ప్రశ్న దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. నొప్పి గురించి నువ్వు ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకు మీ యారాలు గొడవకంటే అదే పెద్ద సంగతిగా కనిపిస్తోంది.

గర్భసంచి పని బిడ్డను మోయడం. కోరిక పుట్టేది అక్కడ కాదు. సుఖం తెలిసేది ప్రధానంగా బయట ఉండే యోనిశీర్షంలో, దాన్నే క్లిటోరిస్ అంటారు. మామూలుగా చేసే గర్భసంచి ఆపరేషన్‌లో దాని జోలికి పోరు. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా కోరిక ఉండటం, తృప్తి కలగటం రోగం కాదు. నెలనెలా రక్తస్రావంతో, కడుపునొప్పితో ఏళ్ల తరబడి బాధపడ్డవాళ్లకు అవి పోయాక కోరిక పెరగడం కూడా ఉంది. "సంచి తీసేశారు కదా, ఇంకేముంది" అని మన దగ్గర అంటుంటారు చూడు, అంత తెలివితక్కువ మాట ఇంకోటి లేదు. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ముప్పై అయిదు దాటకుండానే సంచి తీయించుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లందరికీ ఇక ఏ కోరికా ఉండకూడదని ఎవరు చెప్పారో తెలియదు గానీ, అందరూ నమ్ముతారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. బీరువాలో చీరల కింద ఎక్కడో నీ ఆపరేషన్ ఫైలు ఉంటుంది. అందులో డిశ్చార్జ్ అప్పుడిచ్చిన కాగితం తీయి. ఆపరేషన్ పేరు పక్కన ఇంగ్లిష్‌లో బి, ఎస్, ఓ అనే మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడు. ఉంటే గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేశారని అర్థం. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, చాలామందికి చెప్పరు. అండాశయాలు ఉంటే హార్మోన్లు మామూలుగానే వస్తుంటాయి. తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కరోజులో మీద పడుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, యోని లోపల తడి తగ్గిపోయి పొర పలచబడటం, దానివల్ల కలయికలో మంటా నొప్పీ అన్నీ అందులో భాగమే. ముప్పై నాలుగేళ్లకే అలా జరిగి ఉంటే ఎముకలకూ గుండెకూ కూడా నష్టమే. అందుకే అంత చిన్న వయసులో అండాశయాలు తీసేసినవాళ్లకు, వేరే అడ్డంకి లేకపోతే, యాభై వచ్చేదాకా హార్మోన్ మందులు వాడమని డాక్టర్లు చెప్తారు. నీకెవరైనా చెప్పారా? అండాశయాలు ఉండి కూడా నొప్పి వచ్చిందంటే కుట్లు పడ్డచోట బిగువు కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒక్కోసారి భయంతో కండరాలు బిగుసుకుపోవడం కూడా కావచ్చు. దేనికైనా వైద్యం ఉంది. పూతగా రాసుకునే క్రీములున్నాయి, తడి కోసం నీళ్లతో చేసిన జెల్ ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. పండ్లు బిగపట్టుకొని ఊరుకోవడం వైద్యం కాదు. నొప్పిని భరించడం భార్య డ్యూటీ అని నువ్వు అనుకున్నట్టున్నావు. ఆయన అలా అనుకున్నాడో లేదో నీకూ తెలియదు, అడగలేదు కదా.

మన సమాజం ఇలాంటివి మాట్లాడదని అంటుంటారు. నేను ఒప్పుకోను. నాట్లేసేటప్పుడు నీ పక్క వరసలో వంగిన ముసలమ్మలు ఏం మాట్లాడుకుంటారో నాకంటే నీకే బాగా తెలుసు. పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మీద కట్టి పాడే పాటలు అచ్చులో వేస్తే జనం చెవులు మూసుకుంటారు. బావా మరదళ్ల సరసాలకు హద్దే లేదు. మాటకు మనకేం కరువు లేదు. ఆ మాట పదిమందిలో నవ్వుకోవడానికి అయితే ఎంత పచ్చిగా ఉన్నా పర్వాలేదు. ఒకామె "నాకు కావాలి" అనగానే మాత్రం అందరికీ సిగ్గు గుర్తొస్తుంది. మీ యారాలు కూడా పొలంలో ఆ జోకులకు అందరికంటే గట్టిగా నవ్వే మనిషే అయి ఉంటుంది.

సర్కారు సంగతి చూస్తే ఇంకా విచిత్రం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లై నలభై తొమ్మిదేళ్లలోపున్న ఆడవాళ్లలో దాదాపు 62 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఆంధ్రలో దాదాపు 70 శాతం. మగవాళ్లు చేయించుకునేది నూటికి నాలుగైనా లేదు. అంటే మీ ఊళ్లో ఎవరి కడుపుకు ఎప్పుడు కత్తి తగిలిందో ఆశా కార్యకర్త రిజిస్టర్లో ఉంటుంది, అందరికీ తెలుసు, దాని గురించి గడప మీద కూర్చుని మాట్లాడుకుంటారు కూడా. ఆడదాని ఆ భాగం గురించి ఇంత బహిరంగంగా మాట్లాడే ఊరు, అదే మనిషి సుఖం అనే మాట ఎత్తితే ఉలిక్కిపడుతుంది.

ఇదంతా ఫారిన్ నుంచి వచ్చిన రోత అని మీ బావ అంటే అననీ. వాత్స్యాయనుడి కామసూత్రాల ఏడో అధికరణంలో అపద్రవ్యాలని కొన్ని సాధనాల ముచ్చట ఉంది. మగవాళ్లు వాడుకునేవి. బంగారం, వెండి, రాగి, ఏనుగు దంతం, కొమ్ము, చివరికి చెక్కతో కూడా చేసుకోవచ్చంటాడు. అయిదో అధికరణంలో అంతఃపురం స్త్రీల సంగతి వస్తుంది. ఒక్క రాజుకు అంతమంది భార్యలు, ఎవరికీ ఆయన దొరకడు. వాళ్లు దుంపలతో, కాయలతో ఎలా సర్దుకునేవారో రాశాడు. పాతకాలం పుస్తకంలో ఉంది కాబట్టి ఒప్పు అని నేననను, ఆ పుస్తకంలో ఈ కాలానికి చెల్లని మాటలు బోలెడున్నాయి. మొగుడు దూరంగా ఉన్న ఆడదానికి ఒంటి బాధ ఉంటుందని అంత పాతకాలంలోనే తెలుసని మాత్రం చెప్తున్నాను. దుబాయ్ వలసలు మొదలై యాభై ఏళ్లు కావస్తున్నా మన జిల్లాల్లో అది ఎవరికీ తెలియనట్టు నటిస్తున్నారు.

పోలీసు కేసు భయం వదిలేయి. ఇంట్లో ఉంచుకోవడం గానీ వాడుకోవడం గానీ నేరమనే చట్టం మన దేశంలో లేదు. ఉన్నదల్లా అశ్లీల వస్తువుల అమ్మకం, పంపిణీ, ప్రదర్శన మీద. ఇదివరకు ఐపీసీ 292, ఇప్పుడు 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 294. అది అమ్మేవాడి తలనొప్పి, కొన్నదానిది కాదు. అమ్మేవాళ్లు కూడా ఆ చిక్కు తప్పించుకోవడానికే దానికి మసాజర్ అని పేరు పెట్టి, పైన ఏమీ రాయని అట్టపెట్టెలో పంపిస్తారు. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లు 1964 నాటి ఒక నోటిఫికేషన్ చూపించి అశ్లీలమని పట్టుకునేవారు. కలకత్తా హైకోర్టు 2011లోనే అలాంటి పట్టివేతను తప్పుపట్టింది. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టుకు ఇలాంటిదే వచ్చింది. బాడీ మసాజర్లను సెక్స్ బొమ్మలుగా వాడుకోవచ్చు కాబట్టి అవి అశ్లీలమని ఓ కస్టమ్స్ అధికారి సరుకును జప్తు చేస్తే, అది ఆ అధికారి ఊహ తప్ప ఇంకేం కాదని కోర్టు తేల్చింది. కోర్టులు ఇలా ఉన్నా ఊళ్లు ఇంకోలా ఉంటాయనుకో. 2021లో గోవాలోని కలంగూట్‌లో ఇలాంటి వస్తువుల దుకాణం ఒకటి బోర్డు పెట్టి తెరిస్తే, లైసెన్సు లేదని కొద్ది వారాల్లోనే పంచాయతీ మూయించింది. టూరిస్టుల గోవాలోనే అలా అయితే మన మండల కేంద్రం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా నిన్ను ఎవరూ స్టేషన్‌కు పిలవలేరు. మీ యారాలు ఆ మాటంటే "పిలిపించు, పోదాం" అని చెప్పు.

ఒక్క జాగ్రత్త ఉంది. ఇలాంటి వస్తువేదీ మీ ఆయన బ్యాగులో పెట్టి దుబాయ్ పంపకు, ఆయన్ను తెమ్మనకు. గల్ఫ్ దేశాల్లో ఇవి నిషిద్ధం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఆయన ఉద్యోగానికే ఎసరు. ఫోటోలు, వీడియోలు పంపుకోవడం కూడా వద్దు. అక్కడి సైబర్ చట్టం చాలా గట్టిది.

ఉంచుకోవాలా పారేయాలా అన్నది నీ ఇష్టం. ఉంచుకుంటే, అది ఏం సరుకో చూసుకో. మెత్తగా, జిగటగా ఉండి, డబ్బా తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే అది నాసిరకం. అలాంటి వాటిల్లో కలిపే రసాయనాలు ఒంటికి మంచివి కావు, పైగా వాటిల్లో కంటికి కనబడని రంధ్రాలుండి ఎంత కడిగినా మురికి పోదు. అది పారేయి. మెడికల్ సిలికాన్ అయితే నున్నగా ఉంటుంది, వాసన ఉండదు. వీటి తయారీకి 2021లో ఐఎస్ఓ 3533 అని అంతర్జాతీయ ప్రమాణమే వచ్చింది. మన దగ్గర అమ్మేవాటి మీద ఆ మాట కనిపించడం అరుదు, అందుకే చూసి వాసన చూసి కొనుక్కోవాలి. ప్రతిసారీ ముందూ తర్వాతా సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. చార్జింగ్ పెట్టే రంధ్రంలోకి నీళ్లు పోనివ్వకు, తడి మీద చార్జింగ్ పెట్టకు. ఇంకొకరితో పంచుకోకు. నీకు తడి సమస్య ఉన్నట్టుంది కాబట్టి జెల్ లేకుండా వాడకు. కొబ్బరినూనె చాలామంది వాడతారు గానీ కండోమ్ వాడే రోజుల్లో అది వద్దు, నూనె తగిలితే కండోమ్ చిరుగుతుంది. గర్భసంచి లేనిదానివి కాబట్టి ఎప్పుడైనా రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకో. ఇంకోసారి ఏదైనా ఇలాంటిది తెప్పించుకుంటే ఇంటికి వద్దు. కొరియర్ ఆఫీసులోనే ఉంచమని ఫోన్ చేసి, నువ్వే పోయి తెచ్చుకో.

ఆ మరిది వరసవాడి దగ్గరికొద్దాం. ఇది నువ్వు ఉత్తరంలో మధ్యలో దూర్చేశావు, కానీ నీకున్న అసలు ప్రమాదం ఇదే. మీ ఇంట్లో మాట వాడిదాకా పోయింది. తనకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాడు. ఒక ఆడదానికి కోరిక ఉందని తెలిస్తే, అది తన కోసమే ఉందనుకునే మగవాళ్లు వాడకట్టుకు ఒకడుంటాడు. వాడికి జవాబు రాయకు, తిట్టను కూడా తిట్టకు. తిట్టినా వాడికి సంభాషణే. మెసేజులు చెరిపేయకుండా తేదీ, టైము కనబడేట్టు స్క్రీన్‌షాట్లు తీసి పుట్టింట్లో నమ్మకమైనవాళ్లకు పంపించి పెట్టుకో. ఒక్కసారి మాత్రం, ఒకే ఒక్క వాక్యం రాయి: "ఇంకోసారి మెసేజ్ పెడితే షీ టీమ్‌కు ఇస్తా." తర్వాత బ్లాక్ చేయి. ఆగకపోతే అన్నంత పనీ చేయి. ఆడవాళ్ల రక్షణ కోసం పోలీసులు పెట్టిన ఈ షీ టీమ్స్ జిల్లాల్లో కూడా ఉన్నాయి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఇష్టం లేదన్నా ఆడదాని వెంటపడి ఇలాంటివి పంపడం న్యాయ సంహితలో 75, 78 సెక్షన్ల కిందికి వస్తుంది. "నీ సంగతి అందరికీ చెప్తా" అని వాడు బెదిరిస్తే అది ఇంకో నేరం. నువ్వు ఏం కొన్నావన్నది ఆ కేసులో ఎక్కడా అడ్డురాదు. వాడు నీ భయం మీద బతుకుతున్నాడు. నువ్వు చేసిన పని మీద కాదు, నువ్వు దాస్తావన్న ధైర్యం మీద.

యారాలు విషయంలో నాకు అంత కోపం లేదు. నువ్వు రాసిన కొద్ది మాటల్లోనే ఆమె జీవితం కూడా కొంచెం కనబడింది. ఆమె మొగుడు ఊళ్లోనే ఉన్నాడు, అయినా సుఖంగా ఉందో లేదో మనకు తెలియదు. ఒక్కోసారి ఇంకొకరు తీసుకున్నది చూసి వచ్చే కోపంలో కుళ్లు కూడా కలుస్తుంది. అందుకని ఆమె చేసింది ఒప్పైపోదు. ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు: "అక్కా, నా పార్సిల్ విప్పినవ్, నా మొగనికి చెప్పేదేమన్న ఉంటే నేనే చెప్పుకుంట, నువ్వు నడుమల రాకు." గొంతు పెంచకు, ఏడవకు, బతిమాలకు. బతిమాలితే ఆ సంగతి ఆమె చేతిలో తాళంచెవిలా ఉండిపోతుంది, ప్రతి పండక్కీ ఒకసారి తిప్పుతుంది. అత్తమ్మకు చెప్తే చెప్పనీ. అత్తమ్మ కూడా నాట్లేసిన మనిషే. ఆమె ఏమంటుందో అనుకున్నంత సులభంగా చెప్పలేం.

మీ ఆయనకు మాత్రం యారాలుకంటే ముందు నువ్వే చెప్పాలి. ఇది నీకు నచ్చదని తెలుసు. ఆయన దగ్గర నువ్వు క్షమాపణ అడగాల్సిన పని లేదు. కానీ ఇంకొకరి నోటి నుంచి విని, పదిమంది మధ్య, రెండున్నర వేల కిలోమీటర్ల అవతల, ఏమీ చేయలేని చోట కూర్చోవాల్సిన గతి ఆయనకు పట్టకూడదు. అక్కడ వాళ్లు ఎలా ఉంటారో నీకు తెలుసు. ఒక రూములో ఆరుగురో ఎనమండుగురో, మంచం మీద మంచం. స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే కింద మంచం మీద పడుకున్న కరీంనగర్ మనిషికీ వినబడుతుంది, రేపటికల్లా సిరిసిల్లకు చేరుతుంది. కాబట్టి డ్యూటీ అయిన రాత్రి కాదు. సెలవు రోజు ఎంచుకో. "ఒక మాట చెప్పాలె, బయటికి పోయి ఒక్కనివే ఉన్నప్పుడు ఫోన్ చేయి, చెవుల పెట్టుకొని మాట్లాడు" అని ముందే మెసేజ్ పెట్టు. అక్కడ వాట్సాప్ కాల్ కలవదు కదా, బోటిమ్ లాంటి యాప్‌లో చేస్తాడు.

డబ్బా దగ్గర మొదలుపెట్టకు. నొప్పి దగ్గర మొదలుపెట్టు. "పోయినసారి నువ్వొచ్చినప్పుడు నాకు మస్తు నొప్పైంది, నీకు చెప్పలే. నువ్వు రెండేండ్లకొచ్చినవ్, బాధపడతవని. అప్పటిసంది నా ఒంట్ల ఏమైందో నాకే సమజ్ కాలే. నువ్వు లేనప్పుడు నాగ్గూడ నిద్ర పట్టది. చదివి మసాజర్ తెప్పించుకున్న. పార్సిల్ అక్క విప్పింది, రచ్చ చేస్తున్నది. ఇంకొకరు చెప్పకముందే నేనే చెప్పాలనుకున్న." ఇంతే. ఇదే మాటల్లో చెప్పాలని లేదు, నీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పు. చెప్పాక ఆగిపో. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు, నెట్ పోయిందనుకొని హలో హలో అనకు.

మగవాడికి ముందు వచ్చే ఆలోచన ఒకటే, "నేను సరిపోలేదా?" అని. కోపంగా మాట్లాడినా అడుగున ఉండేది ఆ భయమే. నువ్వున్నప్పుడు నువ్వే, లేనప్పుడు మనిషి కాకుండా వస్తువు, అని నేరుగా చెప్పు. వేరేవాళ్లతో పోల్చుకునే అవకాశమే లేదని ఆయనకు అర్థమైతే సగం చల్లబడతాడు. ఆయనను కూడా అడుగు. ఇన్నేళ్లు ఆయన ఒక్కడే ఆ మంచం మీద ఎలా ఉన్నాడో నువ్వెప్పుడైనా అడిగావా? ఎవరూ అడగరు. మగవాడు ఫోన్‌లో ఏం చూసినా "దూరం ఉన్నడు పాపం" అని సర్దుకుంటుంది లోకం. ఆ జాలి నీకు పావలా వంతు కూడా దొరకలేదు, నిజమే. కానీ ఆయన ఒంటరితనం అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే బాధను చెరో దేశంలో దాచుకున్నారు.

తిట్టి ఫోన్ పెట్టేస్తే? పెట్టేయొచ్చు. మన దగ్గర మొగవాణ్ణి ఇలాంటి మాట వినడానికి ఎవరూ తయారు చేయలేదు. వారపత్రికల్లో డాక్టర్ సమరం గారి జవాబులు దొంగచాటుగా చదువుకున్న తరమది, దాని తర్వాత నేర్పిన బడి లేదు. రెండు మూడు రోజులు వదిలేయి. నువ్వే మళ్లీ మళ్లీ ఫోన్ చేసి కాళ్లావేళ్లా పడకు. కానీ కోపం దాటి కొడతాననో, డబ్బు పంపననో, పుట్టింటికి పొమ్మనో అంటే అది ఈ వస్తువు గురించిన గొడవ కాదు. అప్పుడు నాకు మళ్లీ రాయి, లేదా 181కి చెప్పు. నీకు రాత్రిళ్లు నిద్ర లేక, బతకాలని లేదనిపించేదాకా పోతే 14416కు ఫోన్ చేయి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈలోగా ఆ డిశ్చార్జ్ కాగితం తీసుకొని కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే పోవాలని లేదు. "సాధారణంగా చూడండి" అనకు. "కలిసినప్పుడు నొప్పి వస్తోంది, అండాశయాలు ఉన్నాయో లేదో చెప్పండి" అని స్పష్టంగా అడుగు. అలా అడగకపోతే వాళ్లు ఐరన్ మాత్రలు రాసి పంపిస్తారు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి మీ ఆయన టికెట్ తీసుకోకముందే మొదలుపెట్టు. ఆయన వచ్చాక రెండోసారి ఆయన్ను కూడా తీసుకెళ్లు. బయట బెంచీ మీద కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లు.